చదివి వినిపించినవారి సంతకం

నేను బడి మానేసిన వారానికి మా లెక్కల సారు బోరబండ సందుల్లో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. మళ్లీ బడికి రమ్మని పిలవడానికే వచ్చారనుకుని మా అమ్మ పక్కింట్లో పాలు అడిగి తెచ్చి మరీ చాయ్ పెట్టింది. ఆయన చాయ్ తాగారు, నా భుజం మీద చెయ్యి వేశారు, "మనసు మార్చుకోవు కదరా?" అని అడిగారు. మార్చుకోనని నేను మాట ఇచ్చాక స్థిమితంగా వెళ్లిపోయారు.

అప్పుడు నాది ఎనిమిదో తరగతి, అదీ సగమే. ఈ ముచ్చట ఆఫీసులో ఎన్నిసార్లు చెప్పినా నవ్వేవాళ్లు. నిజమని మాత్రం ఒక్కరూ నమ్మలేదు. నా ఫైల్లో పదో తరగతి పాస్ అని ఉంది మరి.

హైటెక్ సిటీలో ఒక అద్దాల బిల్డింగులో ఆరో అంతస్తు ప్యాంట్రీ నాది. ప్యాంట్రీ అంటే ఐటీ కంపెనీ వాళ్ల వంటిల్లు, వంట మాత్రం ఉండదు. కాఫీ మిషన్లు, ఫ్రిజ్‌లు, బిస్కెట్ల డబ్బాలు, వాటి ముందు నిలబడి ఉద్యోగం మానేద్దామా అని మాట్లాడుకునే పిల్లలు, అంతే. బిల్డింగు కంపెనీది, మేము ఏజెన్సీ వాళ్లం. చాయ్ పోసేవాళ్లు, నేల తుడిచేవాళ్లు, గేటు దగ్గర నిలబడేవాళ్లు, అందరికీ జీతం ఇచ్చేది ఏజెన్సీయే. మెడలో కార్డు వేలాడే తాడు రంగు కూడా వాళ్లది వేరు, మాది వేరు. తాడు చూసి నవ్వాలో తల ఊపాలో తేల్చుకునేవాళ్లు లిఫ్టులో చాలామంది ఉంటారు.

కప్పులు కడగడంతో మొదలుపెట్టి ఆరేళ్లకు ప్యాంట్రీ సూపర్‌వైజర్‌నయ్యాను. ఆ పోస్టుకి పదో తరగతి ఉండాలి, ఇంగ్లిష్ చదవడం రావాలి. ఫారం నింపుతున్న ఏజెన్సీ మనిషి తల ఎత్తకుండానే "టెన్త్ కదా?" అన్నాడు. నేను "దాదాపు" అన్నాను. దాదాపుకి ఆ ఫారంలో గడి లేదు. పాస్ అన్న గడిలో టిక్కు పెట్టి తర్వాతి మనిషిని పిలిచాడు.

తెలుగు నేను బాగానే చదువుతాను. పేపరు రోజూ చదువుతాను, మిర్చిబజ్జీ చుట్టిచ్చిన కాగితం కూడా వదలను. ఇంగ్లిష్ మాత్రం ముఖాలు గుర్తుపట్టినట్టు గుర్తుపడతాను. కాఫీ పొడి ప్యాకెట్ మీద ఉండే మాట ఇలా ఉంటుంది, మిషన్ చెడిపోయిందని వేలాడదీసే బోర్డు అలా ఉంటుంది, గడువు తేదీ ఫలానా మూల ఉంటుంది. ముఖం తెలిసిన మాటలు ఓ నూటయాభై ఉంటాయి. వాటితో ప్యాంట్రీ నడుస్తుంది. తెలియని ముఖం ఎదురైతే ఒక జోకు వేస్తాను, అవతలివాళ్లు నవ్వుతూ తామే చదివేస్తారు. ఏళ్ల తరబడి ఈ పద్ధతి నన్ను కాపాడింది. ఒక్కసారి కాపాడలేదు. ఇదంతా ఆ ఒక్కసారి గురించే.

మా అంతస్తు తుడిచే అక్క కూడా బోరబండే. మా గల్లీ చివర చర్చి పక్క సందులో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. భర్త చనిపోయి చాలా ఏళ్లయింది. ఒక్కతే కూతురు, వేరే ఊళ్లో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది. అక్క ఏజెన్సీలో చేరి అప్పటికి నెలన్నర. నేనే చేర్పించాను. పొద్దున ఇద్దరం ఒకే లోకల్ రైలెక్కి హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగి, అక్కణ్ణుంచి షేర్ ఆటోలో ఆఫీసు ఎదురు రోడ్డుదాకా వెళ్లేవాళ్లం. ఆ రోడ్డు దాటడమే అసలు ఉద్యోగం, లోపల చేసేది విశ్రాంతి అని నేను అంటుండేవాణ్ణి.

ఒకరోజు పొద్దున నేను ఆటో అతనికి చిల్లర ఇస్తున్నాను. అక్క ముందు నడిచింది. యు-టర్న్ తిరుగుతున్న కారు ఒకటి ఆమెను కొట్టి, ఎడమ కాలి మీదుగా వెళ్లింది. కారతను ఆగాడు. దిగాడు కూడా. ఫోన్ చేతిలోనే ఉంది. చెడ్డవాడు కాదు, ఫోన్ చూస్తున్నాడు, అంతే.

మోకాలి కింద ఎముక బయటికి కనిపిస్తోంది. దగ్గర్లో ఉన్న పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ ముందు డబ్బు కట్టమన్నారు. అక్కకు ఇ.ఎస్.ఐ. కార్డు ఇంకా రాలేదు, ప్రాసెస్‌లో ఉంది. ప్రాసెస్‌లో ఉంది అంటే మా ఏజెన్సీలో ఎవరూ మొదలుపెట్టలేదని అర్థం. నేను మా ఏజెన్సీ హెచ్ఆర్ మేడంకి ఫోన్ చేశాను.

ఇక్కడ ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి, ఎందుకంటే ఆ తర్వాత నేను మేడం మీద చాలా జోకులు వేశాను. మేడంది గోదావరి జిల్లా, ఉండేది కూకట్‌పల్లిలో. ఆ రోజు ఫోన్ పెట్టిన అరగంటలో వచ్చింది. పై ఆఫీసు అనుమతి కోసం ఆగకుండా తన సొంత కార్డు గీకి డిపాజిట్ కట్టింది. అక్క చెయ్యి పట్టుకుని "భయపడకండి, మేమంతా ఉన్నామండి" అంది. ఆమె చున్నీకి రక్తం అంటింది, తుడుచుకోలేదు. ఆపరేషన్ ఆ మధ్యాహ్నమే జరిగింది. డాక్టర్ కాల్లో రాడ్ వేశాడు. సాయంత్రందాకా ఆలస్యమై ఉంటే కాలు మోకాలి దగ్గర తీసేయాల్సి వచ్చేదేమోనని కూడా అన్నాడు.

మూడో రోజు మేడం మళ్లీ వచ్చింది. చేతిలో పూలగుత్తి, ఒక ఫైలు. పూలగుత్తి మంచం మీద పెట్టి, ఫొటో తీయించి, ఫైల్లోంచి రెండు పేజీల కాగితం తీసింది. అంతా ఇంగ్లిష్. "ఆఫీసు వాళ్లకి ఫార్మాలిటీ అండి. బిల్లంతా మనవాళ్లే కడుతున్నారు. ఆవిడకి చదివి చెప్పి సంతకం పెట్టించండి. కింద చదివి వినిపించినవారు అని ఉన్నచోట మీరు పెట్టండి" అని నాకిచ్చి, బిల్లుల కౌంటర్‌కి వెళ్లింది.

కాగితం చూశాను. తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. అక్క అడిగింది.

"ఏమున్నది తమ్మీ అండ్ల?"

రాదు అని చెప్పొచ్చు. అక్కడ నేనూ అక్కా తప్ప ఎవరూ లేరు. పక్క మంచం మీద ఒక ముసలామె ఉంది, ఆమె నిద్రపోతోంది. కానీ అక్కకు ఉద్యోగం ఇప్పించిన సూపర్‌వైజర్‌ని నేను. నన్ను చూసి గల్లీలో "ఇంగ్లిష్‌ల పని చేస్తడు" అని చెప్పుకునేది అక్కే. గొంతు సవరించుకుని, కాగితం మీద వేలు పెట్టి గీతగీతకూ జరుపుతూ చదివాను.

"ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, ఈ అక్క ఇప్పటినుండి రోడ్డు దాటేటప్పుడు రెండు దిక్కుల చూడవలెను. మొదటి దిక్కు చూసి రెండో దిక్కు మర్చిపోరాదు. కంపెనీవారు ఖర్చంత పెట్టుకుంటరు. అక్క కాలు మాత్రం అక్కే పెట్టుకోవలెను."

అక్క నవ్వింది. నవ్వితే కాలు నొప్పెట్టి "నీ పాడుగాను, నవ్విపియ్యకు" అంది. తెలుగులో సంతకం పెట్టింది. దాని కింద నేను పెట్టాను. నా సంతకం చాలా బాగుంటుంది. చదువు తక్కువైనవాళ్లు సంతకం మీద ఎక్కువ కష్టపడతారు.

ఆ ఫొటో మా అంతస్తు టీవీ తెర మీద నెల రోజులు ఆడింది. అక్క మంచం, పూలగుత్తి, మేడం, కింద ఇంగ్లిష్‌లో ఏదో పెద్ద మాట. అదేమిటని కాఫీకి వచ్చిన ఒక పిల్లను అడిగితే "కరుణ మన సంస్కృతి" అని చెప్పింది. ఆ ఏడాది బిల్డింగు కంపెనీ మా ఏజెన్సీకి ఒక గాజు బహుమతి ఇచ్చింది. దయకు సంబంధించిన విభాగంలో మేమే మొదట. రెండో స్థానం ఎవరిదని అడిగితే ఎవరికీ తెలియదు.

అక్క ఇంట్లో మంచాన పడింది. మూడు నెలల్లో లేస్తుందన్నారు, లేవలేదు. ఎముక ఒకచోట అతుక్కోలేదు. మళ్లీ కోసి, తుంటి ఎముక ముక్క తీసి అక్కడ పెట్టాలన్నాడు డాక్టరు. లక్షకు పైనే అవుతుందన్నాడు. అది చేయించుకుంటే మామూలుగా నడుస్తుంది, పనికి పోతుంది. చేయించుకోకపోతే కర్రే. కర్ర పట్టుకుని నేల తుడవలేరు, ప్రయత్నించి చూశాం. ఇంట్లోనే, చీపురుతో. రెండు చేతుల పని అది.

ఆ డబ్బుకి ఉన్న ఒకే దారి కారు ఇన్సూరెన్సు మీద వేసిన కేసు. లింగంపల్లిలో ఒక వకీలు చూసిపెట్టాడు. చాలా నెలలకు లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. వకీలు ఫీజు పోను నాలుగు లక్షలు అక్క ఖాతాలో పడ్డాయి. అక్క ఆ ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పింది. నేను చర్చికి పోను కానీ ఆ రోజు పోయాను. ప్రార్థన తర్వాత ఉప్మా పెట్టారు. ఆపరేషన్‌కు తారీకు కూడా తీసుకుంది.

తారీకుకు పది రోజుల ముందు ఏజెన్సీ నుంచి రిజిస్టర్ పోస్టులో ఉత్తరం వచ్చింది.

అప్పటికి అక్క కూతురు పరీక్షలు అయిపోయి ఇంట్లోనే ఉంది. ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి ఉత్తరం ఆ పిల్ల చేతిలో ఉంది, దానికి పిన్ను కొట్టి వెనకాల పాత కాగితం కాపీ, నా అందమైన సంతకంతో సహా.

"మామా, కూసో. అమ్మకు చదివి చెప్తున్న" అంది.

ఆ పిల్ల రోగి చార్టు చదివినట్టు చదివింది. ఏ మాటా గట్టిగా అనలేదు. ఆసుపత్రి ఖర్చు రెండు లక్షల అరవై వేలు ఏజెన్సీ అడ్వాన్సుగా కట్టింది. మూడో వ్యక్తి నుంచి నష్టపరిహారం వచ్చిన పక్షంలో ఆ మొత్తం ముందుగా ఏజెన్సీకి తిరిగి చెల్లించడానికి ఉద్యోగి ఒప్పుకున్నారు. ముప్పై రోజుల్లో చెల్లించగలరు. చివర్న ఒక లైను. "పై విషయాలు ఉద్యోగికి తెలిసిన భాషలో చదివి, వివరించి, ఆమె పూర్తిగా అర్థం చేసుకున్న తర్వాత సంతకం తీసుకోవడమైనది." దాని కింద నేను.

చదవడం అయ్యాక ఆ పిల్ల నా వైపు చూసింది. అక్క చూడలేదు. కాలు చాపుకుని మోకాలు నిమురుకుంటోంది.

"రెండు దిక్కుల చూడాలని ఎక్కడ ఉన్నది బిడ్డా అండ్ల?" అని కూతుర్ని అడిగింది.

"గట్లాంటిది ఏం లేదమ్మా."

"లేదా. సరే."

ఆ పూట నాకు ఒక్క జోకూ తోచలేదు. ఆ పిల్ల చాయ్ ఇచ్చింది, తాగాను. రెండు లక్షల అరవై పోతే లక్షా నలభై మిగులుతుంది. ఏడాదిగా కిరాయికి, పిల్ల ఫీజుకి చేసిన అప్పులు తీర్చాలి. ఆపరేషన్‌కు ఏమీ మిగలదు. ఈ లెక్క చెయ్యడానికి పదో తరగతి అక్కర్లేదు.

మర్నాడు ప్యాంట్రీలో కాఫీ పోస్తూ అందరికీ ఈ సంగతి చెప్పాను, నా సంతకం సంగతి తప్ప. చాలామంది "అన్యాయం" అన్నారు. ఒకతను మాత్రం, ఎప్పుడూ చక్కెర లేని కాఫీ తాగే అతను, నిదానంగా అడిగాడు. "ఆసుపత్రి ఖర్చు ఒకసారి ఏజెన్సీ కట్టింది, మళ్లీ ఇన్సూరెన్సు ఇచ్చింది. రెండుసార్లు ఆమెకెందుకు రావాలి?" నేను అతని మీద ఏదో జోకు వేశాను, అందరూ నవ్వారు. కానీ అతని ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. ఇప్పటికీ సగమే ఉంది.

అక్క మేడంని కలుస్తానంది. నన్ను తోడు రమ్మంది. కర్ర పట్టుకున్న మనిషిని రైలు ఎక్కించడం కష్టమని ఆటో మాట్లాడాను.

మేడం గదిలో ఏసీ బాగా చల్లగా ఉంది. గాజు బహుమతి బల్ల మీదే ఉంది. మేడం లేచి అక్కను కూర్చోబెట్టింది, నీళ్లు ఇప్పించింది.

"బాగున్నారాండీ? కాలు ఎలా ఉందండీ?"

"మళ్ల కొయ్యాలంట మేడం. గందుకే వచ్చిన. ఈ పైసలు నా కాలుకు వచ్చినయ్. మీకిస్తే కాలు గిట్లనే ఉంటది."

మేడం ఫైలు తెరిచింది. తర్వాత ఆమె చెప్పింది నేను ఉన్నదున్నట్టే రాస్తాను. "ఆ రోజు డబ్బు కట్టకపోతే ఆపరేషన్ జరిగేది కాదండీ. నేను నా కార్డు గీకాను, మా ఆయన ఇంట్లో గొడవ పెట్టుకున్నాడు. ఆ డబ్బు దానం కింద ఏజెన్సీ ఇవ్వలేదు, అడ్వాన్సు కిందే ఇచ్చింది. మొన్న పదో అంతస్తు గార్డుకి గుండెలో స్టెంట్ వేయించాం. మీది వెనక్కి వస్తేనే రేపు ఇంకొకరికి కట్టమని నేను పైవాళ్లని అడగగలను. రాలేదనుకోండి, ఇక నా మాట ఎవరూ వినరు. కట్టినందుకు చివరికి మేమే చెడ్డవాళ్లమయ్యామండీ."

అక్క విన్నది. నీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టింది.

"అప్పని ఆనాడే చెప్తే అయిపోతుండె గద. మా గల్లీల వడ్డీకిచ్చే ఆమె ఉన్నది. మంచిది కాదు, మస్తు తిడ్తది. గని ఇచ్చేటప్పుడు అప్పనే చెప్తది. అప్పిచ్చెటోళ్లు పూలగుత్తి పట్టుకొని ఫొటో దిగుతరా మేడం? నా మొకం నెల దినాలు టీవీల తిప్పిన్రు."

మేడం ముఖం ఎర్రబడింది. "చెప్పామండీ. రాతపూర్వకంగా చెప్పాం. ఇదిగో, మీ భాషలో చదివి వినిపించాకే మీరు సంతకం పెట్టారు." కాగితం తిప్పి నా సంతకం మీద వేలు పెట్టింది. "ఈయనే కదండీ చదివింది? ఏమండీ, చదివి చెప్పారా లేదా?"

నేను నోరు తెరిచేలోపే అక్క అంది.

"చదివిండు మేడం. మొత్తం చదివిండు. నొప్పిల ఉన్న, నాకే ఎక్కలే."

నేను అక్క వైపు చూశాను. ఆమె కర్ర పిడి వైపు చూస్తోంది. నా ఉద్యోగం పోకుండా తన కాలు అడ్డం పెడుతోందని నాకు అప్పుడు అర్థమైంది. ఆమె ఆ మాట ఇంటి దగ్గరే అనుకుని వచ్చింది. ఆటోలో దారి పొడుగునా ఏమీ మాట్లాడకపోవడం అందుకే. టీవీలో నెల రోజులు తిప్పిన ఆ పెద్ద మాటకు అర్థం ఇదేనేమో, నాకు తెలియదు. నాకు వెంటనే తోచింది మాత్రం పారిపోవాలనే. మిషన్‌లో పాలు అయిపోయాయని చెప్పి బయటపడొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"చదవలేదు మేడం" అన్నాను. "నాకు ఇంగ్లిష్ రాదు."

మేడం నవ్వబోయింది. నేను ఏం చెప్పినా ముందు నవ్వేవాళ్లే అందరూ. "జోకులొద్దండీ, సీరియస్ విషయం."

"జోకు ఆ రోజు వేసిన మేడం. ఇయ్యాల నిజం చెప్తున్న. అక్క ఏమున్నదని అడిగితే రోడ్డు దాటేటప్పుడు రెండు దిక్కుల చూడాలని ఉన్నదని చదివిన. గది విని సంతకం పెట్టింది. అప్పు సంగతి ఆమెకు తెల్వదు. నాకూ తెల్వదు."

"మీ ఫైల్లో టెన్త్ పాస్ అని ఉంది."

"ఫైలు చదువుకున్నది మేడం. నేను కాదు."

ఎవరూ నవ్వలేదు. అక్క మెల్లగా "నీకెందుకురా" అంది. మేడం కాగితాన్ని చాలాసేపు చూసింది. పేజీ తిప్పింది, మళ్లీ తిప్పింది. చివరికి "నేనే చదివి చెప్పాల్సింది. బిల్లు కౌంటర్ మూసేస్తారని వెళ్లిపోయాను" అంది, మాతో కాదు, ఫైలుతో. తర్వాత నాతో, "ఇప్పుడు చెప్పింది రాసిస్తారా? తెలుగులో అయినా సరే."

రాసిచ్చాను. నా జీవితంలో నేను రాసిన మొదటి అధికారిక పత్రం అదే. ఒక పేజీ వచ్చింది. రాసింది మళ్లీ చదివి వినిపించాను, ఈసారి ఉన్నదే.

రెండు వారాల తర్వాత రెండు నిర్ణయాలు వచ్చాయి. మొదటిది అక్కది. చదివి వినిపించలేదని తేలింది కాబట్టి, ఇ.ఎస్.ఐ. కార్డు సమయానికి చేయించని పొరపాటు కూడా ఏజెన్సీదే కాబట్టి, మొత్తం అడగరు. మూడో వంతు ఇస్తే చాలు, అదీ రెండో ఆపరేషన్ అయ్యి, అక్క పనిలో చేరి ఆర్నెల్లు గడిచాక, వాయిదాల్లో. మేడం పైవాళ్లతో గొడవపడే ఇది తెచ్చిందని తర్వాత విన్నాను. ఆమె వాళ్లకు ఏం చెప్పిందో తెలియదు.

రెండోది నాది. తప్పుడు అర్హత చూపించినందుకు సూపర్‌వైజర్ పోస్టు పోయింది. ఉద్యోగంలోంచి తీసేయలేదు, మళ్లీ కప్పుల దగ్గరికి పంపారు. జీతం తగ్గింది. సూపర్‌వైజర్‌కి ప్యాంట్రీ మూలలో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది, మిగతావాళ్లు తొమ్మిది గంటలూ నిలబడాలి. ఆ కుర్చీలో ఇప్పుడు కూర్చునే అమ్మాయి డిగ్రీ చదివింది, నాకన్నా బాగా పనిచేస్తుంది. అది ఒప్పుకోవడానికి నాకు కొన్నాళ్లు పట్టింది.

ఈ గొడవలో తారీకు వెనక్కి జరిగినా, ఆపరేషన్ బాగా జరిగింది. కుట్లు విప్పాక అక్క కొత్త కాగితం మీద సంతకం పెట్టడానికి ఆఫీసుకు వచ్చింది. ఈసారి కాగితం తెలుగులో ఉంది. మేడం చదివి వినిపిస్తానంది.

"నాకు తెలుగొస్తది మేడం. జర టైం వడ్తది, కూసోండ్రి" అంది అక్క.

వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, మాట మాటా కూడబలుక్కుంటూ చదివింది. ఒక పేజీకి పావుగంట పట్టింది. మేడంకి రెండు ఫోన్లు వచ్చాయి, ఎత్తలేదు. రెండో పేజీలో అక్క వేలు ఆగింది.

"ఇండ్ల 'దయతో మినహాయించి' అని రాసిన్రు. గీ దయతో ఎందుకు?"

"అది మామూలుగా రాసే మాటేనండీ."

"మూడో వంతు కడుతున్న గద మేడం. కడతనని నేనే ఒప్పుకున్న. నా కాలుకు ముందుగాల పైసలు కట్టింది మీరే, అది నేను కాదన. కట్టేదాంట్ల దయ ఏంది? తీసెయ్యుండ్రి."

మేడం పెన్ను తీసి ఆ ఒక్క మాట కొట్టేసింది. పక్కన తను పొట్టి సంతకం చేసింది, అక్క చేసింది. సాక్షి సంతకం నాతో పెట్టించుకోలేదు. వరండాలో వెళుతున్న సెక్యూరిటీ గార్డును పిలిచారు. ఆయన రెండు పేజీలూ మొదట చదివి, అప్పుడే పెట్టాడు.

కిందికి వచ్చాం. అక్క చేతిలో కర్ర ఇంకా ఉంది కానీ బరువు దాని మీద వెయ్యడం లేదు. గేటు దగ్గర ఆటో కోసం నిలబడ్డాం. ఆమె ఏమీ అనకపోవడం నాకు కష్టంగా ఉంది. తిట్టినా బాగుండేది. నేనే మొదలుపెట్టాను.

"అక్కా, మొత్తానికి నీ పని మంచిగైంది. నీ లెక్కల వడి నా కుర్చీ వోయింది చూడు. పొద్దుందాక నిలవడే ఉంటున్న."

అక్క వస్తున్న ఆటోకి చెయ్యి ఎత్తింది. అది ఆగేదాకా చూసి, అప్పుడు నా వైపు తిరిగి, పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది.

"నిలవడు తమ్మీ. నీ కాళ్లు రెండు మంచిగనే ఉన్నయ్ గద."